అనంతపురంలో ఒక మారుతి 800: క్లిప్పుల కింద తుప్పు, ఇంటి దగ్గరే మూడు పెట్రోల్ పైపుల మార్పు

బండి 1997 మోడల్ మారుతి 800. కార్బొరేటర్ (పెట్రోల్‌ను గాలితో కలిపి ఇంజిన్‌కు అందించే భాగం) ఉన్న ఇంజిన్, 796 సీసీ, మూడు సిలిండర్లు. ఉండేది అనంతపురం టౌన్‌లో, వారానికి రెండు మూడు సార్లు శింగనమల వైపు పొలానికి పోయి వస్తుంది. పొద్దున స్టార్ట్ కావాలంటే సెల్ఫ్ చాలాసేపు తిప్పాలి. స్టార్టయ్యాక టౌన్‌లో బాగానే నడుస్తుంది గానీ రోడ్డెక్కి 60 దాటించబోతే గుంజుకుంటుంది. ట్యాంకు నిండా పోయించిన రాత్రి పోర్టికోలో పెట్రోల్ వాసన వస్తుంది, సగం ట్యాంకు ఉన్నప్పుడు రాదు. ఈ పని మొదలయ్యేలోపు కార్బొరేటర్ రెండుసార్లు విప్పి కడిగారు, పెట్రోల్ పంపు కొత్తది వేశారు. ఏ తేడా రాలేదు.

ట్యాంకు నిండినప్పుడే వాసన రావడం ఇందులో అసలు ఆధారం. కార్బొరేటర్ బండిలో పంపు వెనక ట్యాంకులో ఉండదు, ముందు ఇంజిన్‌కు అతుక్కుని ఉంటుంది. ఇంజిన్‌లోని క్యామ్ షాఫ్టు తోస్తే లోపలి పొర (డయాఫ్రం) ఆడి పెట్రోల్ లాగే పంపు అది. కాబట్టి ట్యాంకు నుంచి పంపు దాకా ఉన్న పైపులో పెట్రోల్ తోసుకుని రాదు, పంపు పీలిస్తే వస్తుంది. ఆ పైపుకు సూదిమొనంత చిల్లు పడితే ఇంజిన్ నడిచేటప్పుడు పెట్రోల్ బయటికి కారదు, బయటి గాలే లోపలికి పోతుంది. బండి కింద చూస్తే చుక్క కూడా కనపడదు. బండి ఆపాక రాత్రంతా ఆ చిల్లులోంచి గాలి దూరి, పైపులో నిలిచిన పెట్రోల్ మెల్లగా ట్యాంకులోకి జారిపోతుంది. తెల్లారి పంపు ముందు ఆ గాలినంతా లాగేయాలి, ఆ తర్వాతే పెట్రోల్ అందుతుంది. అందుకే సెల్ఫ్ అంతసేపు. స్పీడు పెరిగితే పెట్రోల్ ఎక్కువ కావాలి, గాలి కలిసి వస్తుంటే కార్బొరేటర్ గిన్నె నిండదు, బండి గుంజుకుంటుంది. ట్యాంకు నిండుగా ఉంటే లోపలి మట్టం చిల్లు కన్నా పైన ఉంటుంది, అప్పుడు పెట్రోల్ తన బరువుకే బొట్టు బొట్టుగా దిగుతుంది. సగం ట్యాంకులో మట్టం చిల్లు కిందికి పోతుంది, వాసన ఆగిపోతుంది. మూడు ఫిర్యాదులకూ కారణం ఒక్కటే.

రిటర్న్ పైపు, అంటే మిగిలిన పెట్రోల్‌ను తిరిగి ట్యాంకుకు చేర్చేది, దాని కథ దీనికి తిరగేసి ఉంటుంది. అందులో పంపు తోసిన పెట్రోల్ వెనక్కి పోతుంది కాబట్టి చిల్లు పడితే ఇంజిన్ నడిచేటప్పుడే కారుతుంది. బండి ఆన్‌లో ఉంటే కారుతోందా, ఆపితే కారుతోందా అని అడిగితే సగం రోగం అక్కడే తేలుతుంది.

నిర్ధారణకు ఫిల్టర్‌కు ముందు 15 సెంటీమీటర్ల పారదర్శక ఫ్యూయల్ హోస్ ముక్క తాత్కాలికంగా వేసి ఇంజిన్ నడిపించాం. మొదటి నిమిషంలో నాలుగు బుడగలు రావడం మామూలే. ఇక్కడ ఐదు నిమిషాలైనా, ఆక్సిలరేటర్ కొంచెం నొక్కిపట్టిన ప్రతిసారీ సోడా సీసా తెరిచినట్టు బుడగలు వరసకట్టి వచ్చాయి. గాలి వెనకనుంచే వస్తోంది. ఈ పరీక్ష ముందే చేసి ఉంటే పంపు మార్చే ఖర్చు తప్పేది.

తుప్పు ఎక్కడ కూర్చుంది

అనంతపురం వానలు తక్కువ పడే జిల్లా. సముద్రం గాలి లేదు. అందుకే ఇక్కడి బండ్లకు తుప్పు పట్టదని చాలామంది నమ్మకం. ఈ బండి కింద పడుకుని చూస్తే ఆ మాట నిజమే అనిపిస్తుంది. ఫ్లోరు గట్టిగా ఉంది, పైపుల మీద పాత పూత చాలామటుకు అలాగే ఉంది. క్లిప్పులు విప్పాకే అసలు సంగతి తెలిసింది. పైపులను ఫ్లోరుకు పట్టి ఉంచే ఏడు క్లిప్పుల్లో మూడింటి కింద లోహం చెదలు తిన్న కట్టెలా ఉంది. వెనక యాక్సిల్‌కు ముందున్న క్లిప్పు కిందైతే ఫీడ్ పైపు (ట్యాంకు నుంచి పంపుకు పెట్రోల్ తెచ్చేది) పైభాగంలో చిల్లు, దాని చుట్టూ గోరుతో గీస్తే రాలిపోయే ఎర్రటి పొర. క్లిప్పుకు అటు నాలుగు వేళ్లు, ఇటు నాలుగు వేళ్లు దాటితే అదే పైపు మెరుస్తోంది.

కారణం మట్టి. పొలం దారి ఎర్రమట్టి వానాకాలంలో చక్రాల నుంచి ఎగిరి క్లిప్పు సందులో ఇరుక్కుంటుంది. ఎండాకాలం గట్టిపడి రాయిలా కూర్చుంటుంది. తర్వాత ఇంట్లో బోరునీళ్లతో బండి కడుగుతారు. మన బోరునీళ్లలో ఉప్పు, సున్నం ఎక్కువ. పైనున్న ఫ్లోరు పావుగంటలో ఆరుతుంది, క్లిప్పు లోపలి మట్టి రెండు రోజులైనా తడి వదలదు. ప్రతి కడుగుకూ కొంత ఉప్పు అక్కడే మిగులుతుంది. ఆ సందులో గాలి ఆడదు. ఒకే పైపు మీద గాలి తగిలే చోటు, తగలని చోటు పక్కపక్కన తడిగా ఉంటే, గాలి తగలని చోటే తినుకుపోతుంది. తుప్పు పరచుకోకుండా లోతుకు దిగుతుంది.

ఈ బండికి ఇంకొకటి తోడైంది. శెనక్కాయ పంటకు వేసే జిప్సం, సూపర్ ఫాస్ఫేట్, పొటాష్ సంచులు డిక్కీలో మోశారు. డిక్కీ ఫ్లోరులో ఒక రబ్బరు బిరడా ఊడిపోయి ఉంది. ఆ రంధ్రంలోంచి ఎరువు పొడి నేరుగా ట్యాంకు పైకి, పైపుల మొదళ్ల మీదికి రాలింది. సూపర్ ఫాస్ఫేట్‌లో ఆమ్లం ఉంటుంది, పొటాష్ అంటే క్లోరైడ్ ఉప్పు. తడి తగిలితే ఇనుముకు రెండూ శత్రువులే. ట్యాంకు దగ్గర మూడో పైపు, అంటే పెట్రోల్ ఆవిరిని ముందుకు తీసుకుపోయేది, చేత్తో పట్టుకోగానే విరిగింది.

ఫీడ్ పైపు మధ్యలో ఎవరో ఒకప్పుడు 40 సెంటీమీటర్లు కోసేసి మేస్త్రీలు వాడే లెవల్ పైపు తొడిగి బైండింగ్ వైరుతో చుట్టారు. ఆ ప్లాస్టిక్‌ను మెత్తగా ఉంచే పదార్థాన్ని పెట్రోల్ లాగేసుకుంటుంది. ఏడాది తిరక్కుండా గాజులా పెళుసెక్కుతుంది. ఇదీ అట్లే ఉంది, వంచితే పగిలింది. తినుకుపోయిన ముక్క కోసి మధ్యలో మంచి రబ్బరు హోస్ వేస్తే చాలదా అని అడుగుతారు. చాలదు. తుప్పు పట్టిన క్లిప్పు ఒకటి కనపడిందంటే మిగతా క్లిప్పులదీ అదే వయసు, అదే మట్టి. పైగా పాత పైపును హ్యాక్సాతో కోస్తే అంచుకు గట్టు, అంటే హోస్ జారకుండా ఆపే ఉబ్బు, ఉండదు. గట్టు లేని నున్నటి పైపు మీద క్లాంపు ఎంత బిగించినా హోస్ జారుతుంది. ఒక అతుకు వేస్తే లీకయ్యే చోట్లు రెండు పెరిగినట్టు. ట్యాంకు నుంచి ఇంజిన్ దాకా మూడు పైపులూ పూర్తిగా మార్చాలని అక్కడే తేల్చుకున్నాం.

ఏ పైపు, ఎంత

వెర్నియర్‌తో కొలిస్తే ఫీడ్ బయటి వ్యాసం 8 మిల్లీమీటర్లు, రిటర్న్, ఆవిరి పైపులు 6 మిల్లీమీటర్లు. పాత పైపు వంపుల వెంబడి పురికొస పరిచి కొలిస్తే ఫీడ్ 2.7 మీటర్లు వచ్చింది. ఒక్కోటి 3.5 మీటర్లు తీసుకున్నాం. మిగిలిన ముక్క వృథా కాదు, వంచడం, గట్టు లేపడం దాని మీదే నేర్చుకోవాలి.

పైపు రకం రెండు పొరల ఉక్కు బండీ ట్యూబ్, 0.7 మిల్లీమీటర్ల మందం, పైన నైలాన్ పూత. టౌన్‌లో బ్రేకు సైజు 4.75 మిల్లీమీటర్లది సులువుగా దొరుకుతుంది గానీ 8 మిల్లీమీటర్లది దొరకడం కష్టం. బెంగళూరు జేసీ రోడ్డు షాపుల్లో అడగడం మేలు. అక్కడ అంగుళాల లెక్కలో ఇస్తే పావు అంగుళం పైపు 6.35 మిల్లీమీటర్లు ఉంటుంది. దాని మీద 6 మిల్లీమీటర్ల హోస్ బిగుతుగా ఎక్కుతుంది, పరవాలేదు. 6 మిల్లీమీటర్ల పైపు మీద పావు అంగుళం హోస్ మాత్రం వదులు, అది వద్దు.

రాగి, నికెల్ కలిసిన పైపు చేత్తోనే వంగుతుంది, తుప్పు పట్టదు, ఇంట్లో పనికి సుఖం. రాళ్ల దారిలో తిరిగే బండికి ఉక్కు పైపు గట్టిదనం కావాలి గనుక ఇక్కడ రాగి, నికెల్ పైపు వాడలేదు. ఏసీ మెకానిక్ దగ్గర దొరికే మామూలు రాగి పైపు మాత్రం ఎవరు చెప్పినా వేయకండి. ఇంజిన్ అదురుకు రాగి గట్టిపడి ఒకరోజు అడ్డంగా చిట్లుతుంది, పైగా పెట్రోల్‌లో జిగురు పేరుకోవడానికి రాగి తోడ్పడుతుంది.

హోస్ విషయంలో బేరం ఆడకూడదు. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్. 1997 నాటి రబ్బరు దానికోసం చేసింది కాదు, ఉబ్బుతుంది, మెత్తబడుతుంది, లోపలి పొర రేకులుగా లేచి ఫిల్టర్‌లో చిక్కుతుంది. హోస్ మీద ఎస్ఏఈ జే30 ఆర్9 అని ముద్ర ఉన్నదే తీసుకోవాలి. దాని లోపలి పొర ఫ్లోరిన్ రబ్బరు. ఉత్త ‘ఫ్యూయల్’ అని రాసి ఉంటే నమ్మకండి. అనుమానముంటే ఐదు సెంటీమీటర్ల ముక్కను గట్టి మూత ఉన్న గాజు సీసాలో పెట్రోల్ పోసి రెండు రోజులు నానబెట్టండి. ముక్క ఉబ్బినా, పెట్రోల్ నల్లబడినా పక్కన పడేయండి. ఈ బండికి 8 మిల్లీమీటర్లది రెండు మీటర్లు, 6 మిల్లీమీటర్లది రెండు మీటర్లు, క్లాంపులు 20 పట్టాయి. క్లాంపు పట్టీకి చీలికలు ఉండకూడదు. చీలికలున్న రకం రబ్బరును కోస్తుంది. పట్టీ నున్నగా, అంచులు బయటికి మడిచి ఉండేది కావాలి.

స్థలం, జాగ్రత్తలు

పోర్టికోలో తాడిపత్రి బండలు పరిచి ఉన్నాయి. ఇసుక మీద పరిచిన బండ కింద ఖాళీ ఉంటే స్టాండు కాలి దగ్గర బండ పగిలి బండి ఒరుగుతుంది. సుత్తి పిడితో తట్టి చూస్తే డొల్ల శబ్దం వచ్చే బండలు తెలుస్తాయి. వాటిని వదిలి, గట్టి బండల మీద అడుగు చదరం, రెండంగుళాల మందం చెక్కలు వేసి నాలుగు స్టాండ్లు పెట్టాం. జాకీ మీద మాత్రమే నిలబెట్టిన బండి కిందికి ఎవరూ దూరకూడదు.

పెట్రోల్ ఆవిరి గాలి కన్నా బరువు, నేల మీద పాకుతూ పోతుంది. అందుకే గుంతలో ఈ పని చేయకూడదు, ఆవిరి అక్కడే నిండుతుంది. గాలిలో 1.4 శాతం ఆవిరి కలిస్తే చాలు, నిప్పురవ్వకు అంటుకుంటుంది. మన ఇళ్లలో రవ్వ ఎక్కడెక్కడ పుడుతుందో చూసుకోండి: పోర్టికోలో ఇన్వర్టర్, గోడకున్న బోరు స్టార్టర్, పక్క గదిలో ఫ్రిజ్, వంటింటి స్టవ్వు, తులసికోట దగ్గర దీపం, దోమల బ్యాటు. ఇవన్నీ పని మొదలుకు ముందే ఆపాలి. ఇన్వర్టర్ స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్గు పీకాలి. వెలుతురుకు తలకు కట్టుకునే ఎల్ఈడీ లైటు బయటే ఆన్ చేసుకుని కిందికి రావాలి, బల్బు హోల్డర్ కింద పెట్టకూడదు. గ్రైండర్, గ్యాస్ మంట ఈ పనిలో ఎక్కడా లేవు. బ్యాటరీ నెగటివ్ తీగ తీసేయాలి. రెండు కిలోల ఏబీసీ పౌడర్ సిలిండర్, ఒక బకెట్ ఇసుక చేతికి అందేలా ఉండాలి. పెట్రోల్ మంట మీద నీళ్లు పోస్తే మంట తేలి పరుచుకుంటుంది.

అనంతపురం ఎండల్లో మే నెలలో ఈ పని పెట్టుకోకండి. నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య పొద్దున పూట మేలు. ఇక్కడ రెండు ఉదయాలు పట్టింది.

విప్పడం

పెట్రోల్‌ను రిజర్వ్ దాకా నడిపి తగ్గించి, మిగతాది చేతి సైఫన్ పంపుతో నేల మీద పెట్టిన ఇనుప క్యానులోకి తీశాం. నోటితో పీల్చడం మన దగ్గర ఇంకా అలవాటే. గుక్కెడు పెట్రోల్ ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది, ప్రాణం మీదికి వస్తుంది. ఆ అలవాటు మానాలి. తీసిన పెట్రోల్ కొంత గాజు సీసాలో గంటసేపు కదపకుండా పెడితే అడుగున పొర విడిపోయి కనపడింది, చారెడు తుప్పు రజను కూడా. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. తేమ ఎక్కువైతే నీళ్లూ ఇథనాలూ కలిసి అడుగుకు దిగుతాయి. నెలల తరబడి కదలని పాత బండ్లలో ట్యాంకు, పైపులు లోపలినుంచి తినడం ఇట్లాగే మొదలవుతుంది.

హోసులు లాగకముందే గుర్తులు కట్టాలి. ఫీడ్‌కు ఎర్ర టేపు, రిటర్న్‌కు నీలం, ఆవిరికి పసుపు, రెండు చివరలా. ట్యాంకు లోపల ఫీడ్ గొట్టం అడుగుదాకా దిగుతుంది, రిటర్న్ గొట్టం పైనే ఆగుతుంది. తారుమారు చేస్తే నిండు ట్యాంకు మీద బండి బ్రహ్మాండంగా నడుస్తుంది, మట్టం తగ్గగానే నడిరోడ్డులో ఆగిపోతుంది. అప్పుడు తప్పు ఎక్కడుందో ఎవరికీ తట్టదు.

క్లిప్పు బోల్టులకు ముందురోజు రాత్రే తుప్పు వదిలించే నూనె కొట్టి ఉంచాం. అయినా ఏడింట్లో రెండు తెగాయి. ట్యాంకు కిందికి చెక్క, దాని కింద జాకీ పెట్టి బోల్టులు వదులు చేసి జానెడు దించితే పై హోసులు అందుతాయి. పెట్రోల్ పోసే మూతి దగ్గరి లావు హోస్, దాని పక్క సన్న గాలి హోస్ అప్పుడే చూడాలి, రెండూ వంచితే పగుళ్లు చూపాయి. మార్చాం.

పాత ఫీడ్ పైపు మూడు ముక్కలుగా వచ్చింది. ముక్కలను బండ మీద వరసగా పేర్చి చుట్టూ సుద్దతో గీత గీశాం, క్లిప్పులున్న చోట అడ్డగీతలు పెట్టాం. నేల మీది ఆ బొమ్మే కొత్త పైపుకు అచ్చు. పైకీ కిందికీ వంగే చోట్లను మూడు మిల్లీమీటర్ల జీఐ తీగ వంచి విడిగా పట్టుకోవాలి, సుద్ద గీత వాటిని చూపదు.

తయారు చేయడం

చుట్టను బండ మీద ఒక కొస నొక్కిపట్టి దొర్లిస్తూ విప్పాలి, లాగితే మెలిక పడుతుంది. కోతకు ట్యూబ్ కట్టర్ వాడాలి. హ్యాక్సా రజను పైపులో మిగిలితే నేరుగా కార్బొరేటర్ నీడిల్ కిందికి పోతుంది. కోసిన చోట లోపలి అంచు గీకి నున్నగా చేసి, తర్వాత ఊది శుభ్రం చేయాలి.

గట్టు లేపడానికి బ్రేకు పైపుల ఫ్లేరింగ్ సెట్టే (పైపు కొసను నొక్కి ఆకారం మార్చే పనిముట్టు) చాలు. డబుల్ ఫ్లేర్‌లో మొదటి నొక్కు దగ్గర ఆపేస్తే పైపు కొస ఉబ్బి ఉంగరంలా నిలుస్తుంది. మనకు కావలసింది అంతే, రెండో నొక్కు వద్దు. హోస్ గట్టు దాటి కనీసం 25 మిల్లీమీటర్లు ఎక్కాలి, క్లాంపు గట్టుకు ఇవతల కూర్చోవాలి. గట్టు మీదే క్లాంపు వేసి బిగిస్తే రబ్బరు తెగుతుంది.

వంపులకు బెండర్ తప్పనిసరి. 8 మిల్లీమీటర్ల పైపును 25 మిల్లీమీటర్ల కన్నా తక్కువ వ్యాసార్ధంలో వంచితే లోపలి వైపు నొక్కుకుపోతుంది. ఉక్కు వదిలేశాక కొంచెం వెనక్కి తిరుగుతుంది, మూడు నాలుగు డిగ్రీలు ఎక్కువ వంచి వదలాలి. ట్యాంకు వైపు నుంచి మొదలుపెట్టి ఒక్కో వంపుకూ సుద్ద గీత మీద పెట్టి చూసుకుంటూ పోవాలి. నాలుగు వంపులు ఒకేసారి లెక్కగట్టి వంచితే చివరకు జానెడు తేడా వస్తుంది. అన్నీ అయ్యాక ప్రతి పైపులోకీ గాలి ఊది, రెండు కొసలకూ టేపు అంటించి పెట్టాం. బిగించేదాకా టేపు తీయకూడదు. బండి కింద మట్టి పైపులోకి రాలడానికి ఒక్క క్షణం చాలు.

క్లిప్పులు

పైపు ఎంత మంచిది వేసినా క్లిప్పును పాత పద్ధతిలోనే కడితే పదేళ్లకు మళ్లీ అదే చోట చిల్లు. పాత ఇనుప క్లిప్పుల బదులు రబ్బరు పొదిగిన పి ఆకారం క్లిప్పులు వాడాం. వాటి నోరు కిందికి ఉండేలా తిప్పాం, నీళ్లు చేరితే దిగిపోవాలి. పైపుకూ ఫ్లోరుకూ మధ్య వేలు దూరేంత ఎడం ఉండేలా బోల్టు కింద వాషర్లు పేర్చాం, అప్పుడు కడిగే నీటిధార మట్టిని తోసేస్తుంది. క్లిప్పుకూ క్లిప్పుకూ మధ్య అడుగుకు మించలేదు. అంతకన్నా దూరమైతే పైపు ఊగి ఫ్లోరుకు రాసుకుంటుంది. క్లిప్పు కూర్చునే చోట పైపు నైలాన్ పూత చెక్కుకుపోకుండా చూసి, చెక్కుకుపోయిన ఒకచోట జింక్ ప్రైమర్, పైన పెయింట్ వేసి ఆరనిచ్చాం. సైలెన్సర్ పైపుకు దగ్గరగా పోయే దారి వద్దు, కంపెనీ వేసిన దారే మంచిది. వేడి తగిలితే పెట్రోల్ పైపులోనే ఆవిరై, మన ఎండల్లో మధ్యాహ్నం పూట బండి మొరాయిస్తుంది.

డిక్కీ బిరడా కొత్తది వేసి అంచుకు సీలెంట్ పూశాం. అది వదిలేస్తే పైన చేసిందంతా సగం పనే.

పరీక్ష, బయటపడిన రెండు తప్పులు

పెట్రోల్ పోయకముందే పైపులను గాలితో పరీక్షించాలి. కంప్రెసర్ గాలి ఇక్కడ మరీ ఎక్కువ. సైకిల్ పంపు గేజీ ఇంత తక్కువ ఒత్తిడిలో సరిగ్గా చూపదు. ఇంట్లో పాత బీపీ మిషన్ ఉంటే, చేతికి చుట్టే గుడ్డ తీసేసి దాని బల్బు, గేజీ వాడుకోవచ్చు. 200 మిల్లీమీటర్ల పాదరసం అంటే దాదాపు 0.27 బార్, కార్బొరేటర్ పంపు తోసే ఒత్తిడికి దగ్గరగా ఉంటుంది. పైపు ఒక కొస మూసి, రెండో కొసకు గేజీ కట్టి 200కు ఎక్కించి పది నిమిషాలు చూడాలి. నీడలోనే చేయాలి, ఎండ పడితే లోపలి గాలి వేడెక్కి లీకున్నా ముల్లు దిగదు. పెట్రోల్ ఎక్కిన పైపుకు ఈ మిషన్ కట్టకండి, ఒకసారి ఇట్లా వాడినదాన్ని మళ్లీ మనిషికి వాడకండి.

రిటర్న్, ఆవిరి పైపులు నిలిచాయి. ఫీడ్ మూడు నిమిషాల్లో 200 నుంచి 150కి దిగింది. సబ్బునీళ్లు పూస్తే ముందు కొస హోస్ అంచున బుడగ లేచింది. క్లాంపు ఇంకా బిగిస్తే ఆగలేదు. హోస్ లాగి చూస్తే పైపు మీద నిలువుగా ఒక గీత, ఫ్లేరింగ్ చేసేటప్పుడు ప్లయర్‌తో పట్టుకున్నప్పుడు పడింది. వెంట్రుకంత సన్నం. అడ్డం గీతను రబ్బరు మూసేస్తుంది గానీ నిలువు గీత గాలికి కాలువ అవుతుంది, బిగించే కొద్దీ గీత పోదు. 30 మిల్లీమీటర్లు కోసేసి కొత్తగా గట్టు లేపితే 200 దగ్గర పది నిమిషాలు ముల్లు కదల్లేదు. అప్పటినుంచి పైపును ప్లయర్‌తో పట్టుకోవాల్సి వస్తే చుట్టూ తోలు ముక్క వేస్తున్నాం.

తర్వాత ఐదు లీటర్లు పోసి, కీళ్లన్నీ తుడిచి ఆరబెట్టి, నీళ్లలో కలిపిన సుద్ద పూత పూసి ఆరనిచ్చాం. ట్యాంకుల వెల్డింగ్ అతుకులను కిరసనాయిలు, సుద్దతో పరీక్షించే పద్ధతే ఇది. తెల్లపూత మీద చెమ్మ తగిలితే మచ్చ పడుతుంది, పెట్రోల్ ఆరిపోయినా మరక నిలుస్తుంది. బ్యాటరీ తీగ తగిలించి, ఇంజిన్ స్టార్ట్ చేసి పావుగంట నడిపించాం. మచ్చ లేదు. ట్యాంకు నింపి, వెనక చక్రాలు జానెడు ఎత్తులో పెట్టి రాత్రంతా ఉంచాం, అప్పుడు పెట్రోల్ బరువంతా ముందు కీళ్ల మీద పడుతుంది. పొద్దునకూ మచ్చ లేదు, వాసన లేదు.

మూడో రోజు పొద్దున మళ్లీ సెల్ఫ్ ఎక్కువసేపు పట్టింది. పారదర్శక ముక్క పెట్టి చూస్తే పైపు నుంచి బుడగలు లేవు. ఫిల్టర్‌కూ పంపుకూ మధ్య ఐదు సెంటీమీటర్ల పాత రబ్బరు ముక్క ఒకటి మార్చకుండా మిగిలిపోయింది. పైకి నల్లగా నిగనిగలాడుతోంది. వేళ్లతో వంచితే అడ్డంగా పగుళ్లు నోరు తెరిచాయి. అది చుక్క కార్చదు, పంపు పీల్చే వైపు ఉంది గనుక గాలినే లాగుతుంది. రబ్బరును చూపుతో నమ్మకూడదు. ట్యాంకు నుంచి కార్బొరేటర్ దాకా ఉన్న ప్రతి ముక్కా ఒకేసారి మార్చాలి, కార్బొరేటర్ రిటర్న్ దగ్గరి వేలెడు ముక్కతో సహా. ఆ ముక్క మార్చాక మర్నాడు పొద్దున బండి రెండు తిప్పులకు అందుకుంది. హైవే మీద 80 దాకా గుంజుకోకుండా పోయింది.

ఫిల్టర్ పని రోజే కొత్తది వేశాం, బాణం గుర్తు పంపు వైపు. 500 కిలోమీటర్లకు దాన్ని మళ్లీ తీసి తెల్లటి గిన్నెలోకి వంచితే తుప్పు రజను కనపడింది. ఇథనాల్ ట్యాంకులోని పాత పొరను కరిగించి వదిలేస్తోంది. రెండో ఫిల్టర్ వేశాం. 1,000 కిలోమీటర్లకు మూడోది వేయాలి. అప్పటికీ రజను ఇంతే ఉంటే ట్యాంకు దించి లోపల శుభ్రం చేయాలి. ట్యాంకు చిల్లుకు వెల్డింగ్ మాత్రం ఎవరూ ఇంట్లో తలపెట్టకండి. ఖాళీ ట్యాంకులో ఆవిరి ఉంటుంది, పేలుతుంది.

ఇదంతా కార్బొరేటర్ బండికి చెప్పింది. 2000 తర్వాత వచ్చిన ఎంపీఎఫ్ఐ (కార్బొరేటర్ లేకుండా ఇంజెక్టర్లతో పెట్రోల్ చిమ్మే) బండ్లలో పంపు ట్యాంకులోనే ఉండి 2.5 నుంచి 3 బార్ ఒత్తిడితో తోస్తుంది. అక్కడ హోస్ ఊడితే పెట్రోల్ చిమ్ముతుంది. ఫ్యూయల్ పంపు ఫ్యూజు తీసి ఇంజిన్ దానంతటదే ఆగేదాకా నడిపి ఒత్తిడి దించకుండా ఒక్క కీలు కూడా విప్పకూడదు. క్లాంపు కీళ్లు పెంచకుండా కంపెనీ కనెక్టర్లు ఉన్న పైపులే వేయాలి.

పెట్రోల్ తడిసిన గుడ్డలను ముద్దగా మూల పడేయకండి, బయట ఎండలో విడివిడిగా పరిచి ఆరిపోయాకే పారేయండి. వానాకాలం అయిపోయాక అక్టోబరులో ఒకసారి బండి కింద పడుకుని వెనక యాక్సిల్ ముందున్న క్లిప్పు, ట్యాంకు పక్క క్లిప్పు, ఈ రెండింటినే విప్పి చూడండి. మట్టి ముందుగా ఇరుక్కునేది అక్కడే. 10 నంబరు స్పానర్, పాత టూత్‌బ్రష్, పావుగంట సరిపోతాయి.